నలభై సెకన్ల తెలుపు

నాలుగో వరుస ముప్పై ఒకటో ఇంటి కుళాయి కింద గౌరీశ్వరి గాజుగిన్నె పెట్టింది. మొదట పట్టిన నీళ్ళు పారబోసి, రెండోసారి పట్టిన నీళ్ళలో నీటిని పరీక్షించే పరికరం, రుచికను ముంచింది. రుచిక కొసన ఉన్న పొర వేలిగోరంత ఉంటుంది. తడి తగలగానే అది మీగడ రంగుకు తిరిగి కొద్దిగా ఉబ్బింది. చెవిలో నీటి యంత్రం, ధార, అంకెలు చదవడం మొదలుపెట్టింది. ఉప్పు ఇంత, మడ్డి ఇంత, వేడి ఇంత. సరిగ్గా నలభై సెకన్లకు ముందంచనా వచ్చింది.

"తెలుపు. తొంభై తొమ్మిది పాయింట్ రెండు."

గౌరీశ్వరి బొటనవేలిని రుచిక పిడి మీద ఒత్తింది. వేలిసాక్ష్యం నమోదైనట్టు పిడి చిన్నగా అదిరింది. పొరను తీసి నడుముకున్న సంచిలో వేసుకుని లేచింది. ఆ రోజు అరవై నాలుగు ఇళ్ళు చూడాలి. ఇది పదకొండోది.

"తెల్లదేనా తల్లీ?" గుమ్మంలో నుంచి పోలమ్మ అడిగింది. ఆ ఇంటి పెద్ద ఆమె. కోడలు ఉప్పుమడుల్లో పగటి షిఫ్టుకు వెళ్తే మనవరాలిని ఆమే చూసుకుంటుంది.

"తెలుపేనమ్మా."

"మరి మా గుంటకేటి ఇలగైపోతంది? నిన్న మాపటేల నుండి ఆగకుండా విరేచనాలు. ఏడుసార్లు లెక్కెట్టినాను. అటుపైన లెక్కెట్టడం మానీసినాను."

గౌరీశ్వరి లోపలికి తొంగి చూసింది. చాప మీద రెండున్నరేళ్ళ సుగుణ పడుకుని ఉంది. కళ్ళు లోతుకు పోయాయి. పెదవుల మీద తెల్లగా పొక్కులు లేచాయి. కొత్తమనిషి వచ్చినా తల తిప్పలేదు.

"ఒంట్లో నీరు తగ్గిపోకూడదంటారు గదా," అంది పోలమ్మ. "అందుకని రాత్రంతా నీళ్ళు తాగిస్తానే ఉన్నాను. గ్లాసులకి గ్లాసులు."

జబ్బులు గౌరీశ్వరి లాంటి నీటి సాక్షుల పని కాదు. అవి ఆరోగ్యగది చూసుకుంటుంది. గౌరీశ్వరి ఆ మాటే చెప్పి, పాపను అక్కడి నర్సు రూబేను దగ్గరికి తీసుకెళ్ళమని చెప్పి, ముప్పై రెండో ఇంటికి వెళ్ళింది. అక్కడ ఇద్దరు పిల్లలు. ముప్పై ఐదులో ఒక ముసలాయన, మంచం పక్కనే బకెట్. నలభైలో మళ్ళీ ఒక పిల్ల. ప్రతి ఇంట్లోనూ కుళాయి కింద గిన్నె, నలభై సెకన్లు, తెలుపు, వేలు.

నలభయ్యో ఇంటి మెట్ల మీద ఆగి ఆమె ధారను అడిగింది. "నాలుగో వరుసలో విరేచనాలు ఉన్నాయి. నీళ్ళ సంగతి మళ్ళీ చూడు."

"నాలుగో వరుస నీరు తెలుపు. వ్యాధి మూలం ఉమ్మడి వంటశాల అని అంచనా. వంటశాలను ఆపమని ఆదేశం వెళ్ళింది," అంది ధార.

కొత్తరేవులో ఇళ్ళలో పొయ్యి ఉండదు. పాత తీరం సముద్రంలో కలిసిపోయాక కొండవాలు మీద మెట్లుమెట్లుగా కట్టిన ఊరు అది. పన్నెండు వరుసలు, నలభై వేల మంది. ఇళ్ళు ఒకదాని నెత్తిన ఒకటి ఉంటాయి గనక లోపల మంట నిషేధం. అందరి కూడూ కొండ మొదట్లో ఉన్న ఉమ్మడి వంటశాలలోనే వండుతారు. తాగే నీళ్ళు మాత్రం కుళాయిలోంచి నేరుగా వస్తాయి. సముద్రపు నీటిలో ఉప్పు తీసి, కాంతిగదుల్లో శుద్ధి చేసి, పొద్దున ఆరింటికి ఓసారి, సాయంత్రం అయిదింటికి ఓసారి నలభై నిమిషాల చొప్పున వదులుతారు. ఇంటింటా నెత్తిమీదుండే తొట్టి నిండుతుంది. ఏ ఇంటి నీళ్ళు తెలుపో, అంటే తాగొచ్చో, ఏ ఇంటివి ఎరుపో, అంటే ఆపాలో ధార నిర్ణయిస్తుంది. కానీ యంత్రం మాట చట్టం ముందు సాక్ష్యం కాదు. అందుకని పంతొమ్మిది మంది సాక్షులు ఇంటింటికీ తిరిగి వేలు వేస్తారు. గౌరీశ్వరి ఏడో సాక్షి.

నలభై ఏడో ఇల్లు అయ్యాక ఆమె నలభై ఎనిమిదికి పోలేదు. వరుస చివర ఉన్న ఆరోగ్యగదికి వెళ్ళింది.

గదిలో ఆరు మంచాలుంటే పద్నాలుగు మంది ఉన్నారు. కొందరు నేల మీద, కొందరు తల్లుల ఒళ్ళో. నర్సు రూబేను ఒక పిల్లవాడి చేతికి సూది గుచ్చుతున్నాడు. రెండుసార్లు నరం దొరకలేదు. మూడోసారి దొరికాక గొట్టం బిగించి లేచి నిలబడ్డాడు. ముప్పై ఏళ్ళ లోపు మనిషి. చొక్కా వీపు దాకా తడిసి ఉంది.

"వంటశాల ఆపారంట," అన్నాడు.

"ధార అలాగే అంది."

"వంటశాల కూడు పన్నెండు వరుసలకీ వెళ్తుంది మేడమ్. జబ్బు మాత్రం మీ నాలుగో వరుసలోనే ఉంది. మూడో వరుసలో ఇద్దరు. మిగతా పది వరుసల్లో ఒక్కరూ లేరు. కూడు మరిగి వస్తుంది. మరగకుండా వాళ్ళ నోట్లోకి వెళ్ళేది ఒక్కటే."

"నీళ్ళు తెలుపే. నేనే చూశాను. పొద్దున్నుంచి ఇరవై ఏడు ఇళ్ళు."

"కాంతిగది దాటేటప్పుడు తెలుపే అయ్యుంటాయి. కాంతి గొట్టంలోకి రాదు కదా. రోజుకి రెండుసార్లు నీళ్ళు ఆగుతాయి. ఆగినప్పుడు గొట్టం లోపలికి పీలుస్తుంది. పక్కన మురుగుకాలవ కారుతుంటే దాన్నీ పీలుస్తుంది." రూబేను చేతులు కడుక్కుంటూ ఆగాడు. కుళాయి కట్టేసి, సీలు డబ్బాలోంచి నీళ్ళు వంచుకున్నాడు. "పొరని ఎంతసేపు ఉంచారు?"

గౌరీశ్వరి చెయ్యి పొరలున్న సంచి మీదికి పోయింది.

రుచికతో పాటు ఇచ్చే చిన్న పుస్తకంలో మొదటి పేజీలోనే ఆ సంగతి ఉంటుంది. నీటిలో పేగుల నుంచి వచ్చిన బ్యాక్టీరియా ఉంటే పొరకు పట్టుకుని ఎర్రచుక్కలుగా తేలుతుంది. అందుకు పదకొండు నిమిషాలు పడుతుంది. పదకొండేళ్ళ కిందట ఆమె ఉద్యోగంలో చేరిన రోజు ఆ పేజీ చదివి, మొదటి ఇంట్లో గిన్నె ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. పని నేర్పడానికి వచ్చిన పెద్ద సాక్షి భుజంగరావు నవ్వి, "ఇలా కూర్చుంటే అరవై నాలుగు ఇళ్ళు ఎప్పటికి తిరుగుతావమ్మా? నలభై సెకన్లకి ధార చెప్పేస్తుంది. అది తప్పు చెప్పగా నేను చూడలేదు," అన్నాడు. నిజమే. ఆమె కూడా చూడలేదు. చూడాలంటే పదకొండు నిమిషాలు కూర్చోవాలి. ఆ తరువాత ఎప్పుడూ కూర్చోలేదు. అయిదో వరుసలోని తన సొంత ఇంట్లో, తన పిల్ల తాగే నీళ్ళకు కూడా నలభై సెకన్లే.

ధార ముందంచనా వేసేది ఆ ఇంట్లో అంతకుముందు పడిన సాక్ష్యాలను బట్టి. ఆ సాక్ష్యాలు వేసిన వేళ్ళు ముందంచనాను బట్టి కదిలాయి. ఈ సంగతి పంతొమ్మిది మందికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు.

"నాకో రెండు సీసాలు ఇవ్వండి," అంది రూబేనుతో. "ఉప్పూ చక్కెరా కలిపినవి. ముప్పై ఒకటో ఇంటి పాప ఇంకా ఇక్కడికి రాలేదు."

పోలమ్మ పాపను ఎత్తుకుని మెట్లు ఎక్కలేకపోయింది. రెండు మెట్లెక్కి కళ్ళు తిరిగి, మళ్ళీ ఇంట్లోకి వచ్చి కూర్చుంది. ఆమెకూ మొదలైంది. గౌరీశ్వరి వెళ్ళేసరికి గోడకు ఆనుకుని ఉంది. చేతిలో గ్లాసు, ఒళ్ళో సుగుణ.

గౌరీశ్వరి గ్లాసు తీసుకుని పక్కన పెట్టింది. సీసా మూత విప్పి, చెంచా చేతికిచ్చింది.

"ఈ నీళ్ళు చెంచాడు చెంచాడు పొయ్యండి. వాంతి చేసుకుంటే కాసేపు ఆగి మళ్ళీ పొయ్యండి. ఆపొద్దు. రెండో సీసా మీకు. తొట్టిలో నీళ్ళు మాత్రం ముట్టుకోకండి."

"తెల్లది అన్నావు గదమ్మా."

"మళ్ళీ చూస్తాను."

ఆమె గిన్నె కడిగి, కొత్త పొర బిగించి, కుళాయి నీళ్ళు పట్టి రుచికను ముంచింది. నలభై సెకన్లకు ధార మామూలుగానే చెప్పింది. తెలుపు. ఆమె బొటనవేలిని చీర చెంగులో చుట్టుకుని కూర్చుంది.

మూడు నిమిషాలు. పొర మీగడ రంగులోనే ఉంది. పోలమ్మ చెంచా పెదవులకు ఆనిస్తే సుగుణ చప్పరించింది. నాలుగు నిమిషాలు. "పని పెండింగ్‌లో ఉంది. ముప్పై ఏడు ఇళ్ళు మిగిలాయి," అని ధార గుర్తుచేసింది. అయిదు, ఆరు. ఏడో నిమిషంలో పొర అంచున సూదిమొనంత ఎర్రచుక్క ఒకటి తేలింది. దాని పక్కన ఇంకొకటి. తొమ్మిదో నిమిషానికి లెక్కపెట్టడం కష్టమైంది. పదకొండో నిమిషానికి చుక్కలన్నీ కలిసిపోయి పొర కుంకుమ బొట్టులా ఎర్రగా అయింది.

"ఏటమ్మా ఆ ఎర్రటిది?" పోలమ్మ అడిగింది.

"మురుగు. నీళ్ళలో మురుగు కలిసింది."

పోలమ్మ చెంచా చేతిలోనే ఉంచుకుని, పక్కన పెట్టిన గ్లాసు వంక చూసింది. ఆమె ముఖంలో ఏదో మెల్లగా అర్థమవుతున్నట్టు గౌరీశ్వరికి కనిపించింది.

"అంటే, రాత్రంతా నానే తాగించినాను గదా. దానికి నానే..."

"కాదమ్మా," అంది గౌరీశ్వరి. "మీరు నన్ను నమ్మారు. తాగించింది నేను."

పిడి మీద ఎరుపు అని నమోదు చేసి వేలు ఒత్తింది. పిడి అదరలేదు.

"విభేదం," అంది ధార. "ఈ ఇంట్లో మీరే ఇచ్చిన నాలుగు వందల ముప్పై సాక్ష్యాలు తెలుపు. ఈ ఉదయం ఇచ్చినది తెలుపు. తాజా ఫలితం పరికర దోషం కావచ్చు. ముగ్గురు సాక్షులు మూడు రోజులు వరుసగా ధ్రువీకరిస్తే సవరణ జరుగుతుంది."

"ఇప్పుడు ఆపాలి. సాయంత్రం నీళ్ళు వదలకూడదు."

"మీ సాక్ష్యం ప్రకారం ఆపడానికి కారణం లేదు."

ఆమె ముప్పై రెండుకూ, ముప్పై ఐదుకూ వెళ్ళి పదకొండేసి నిమిషాలు కూర్చుంది. రెండూ ఎరుపు. రెండుసార్లూ విభేదం. అప్పటికి రెండు దాటింది. సుగుణను భుజాన వేసుకుని, పోలమ్మను పక్కింటి ఆవిడ పట్టుకోగా, ఇద్దరినీ ఆరోగ్యగదికి చేర్చింది. అక్కడి గోడ దగ్గర నిలబడి భుజంగరావుకు ఫోన్ చేసింది. ఆయన ఇప్పుడు పంతొమ్మిది మందికీ పర్యవేక్షకుడు, ఇంకో రెండేళ్ళలో రిటైరవుతాడు.

ఆమె చెప్పిందంతా ఆయన అడ్డురాకుండా విన్నాడు.

"మూడు ఇళ్ళేనా?" అన్నాడు చివర.

"చూసినవి మూడే సార్. చూస్తే ఎన్నో నాకు తెలీదు."

"సరే. నేను పైవాళ్ళతో మాట్లాడి నాలుగో వరుసకి ఇంకో ఇద్దరు సాక్షుల్ని పంపిస్తాను. రేపు పొద్దున్నకి."

"అయిదింటికి నీళ్ళొస్తాయి సార్. తొట్లన్నీ నిండుతాయి. రాత్రంతా తాగుతారు. ఇక్కడ గదిలో పద్నాలుగు మంది, ఇప్పుడు పదహారు."

"ధార ఒప్పుకోదు కదమ్మా. నువ్వు ఇచ్చిన సాక్ష్యాలే దానికి అడ్డం."

"వాటిని వెనక్కి తీసుకుంటే?"

అవతల కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది.

"తొమ్మిదో నిబంధన చదివావా?"

"చదివాను. ఒక సాక్ష్యం తప్పని సాక్షే ఒప్పుకుంటే ఆ సాక్షి ఇచ్చినవన్నీ చెల్లవు."

"అన్నీ అంటే ఎన్నో తెలుసా? పదకొండేళ్ళు. లక్షా తొంభై ఆరు వేల పైచిలుకు. నువ్వు తిరిగినవి నాలుగు వరుసలు. మూడు నుంచి ఆరు దాకా ధార దగ్గర ఆధారం అంటూ ఏమీ ఉండదు. 'తెలియదు' అని పడుతుంది. 'తెలియదు' అంటే చట్టప్రకారం తాగునీటి గొట్టం మూసెయ్యాలి. పదమూడు వేల మంది, మే నెల. సీలు డబ్బాలు ఒక్క వరుసకి చాలవు." ఆయన గొంతు తగ్గించాడు. "నీ ఉద్యోగం సంగతి నేను అనడం లేదు. అది ఎలాగూ పోతుంది. దాహంతో ఎవరైనా పోతే అది నీ మీదే ఉంటుంది, గౌరమ్మా."

"ఇప్పుడున్నదీ నా మీదే ఉంది సార్."

"నువ్వొక్కదానివే చేశావా? అందరం చేశాం."

"మీరు చేసింది నాకు తెలీదు. నేను చేసింది నాకు తెలుసు."

ఫోన్ పెట్టేశాక ఆమె ఆ మాటలే మళ్ళీ లెక్కేసుకుంది. భుజంగరావు మాటల్లో అబద్ధం లేదు. నీళ్ళు ఆపడం సులభం. ఆపిన తరువాత పదమూడు వేల మంది ఏం తాగుతారన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు లేకుండా వేలు వేస్తే, నలభై సెకన్లకు వేలు వేసినదానికీ దీనికీ తేడా లేదని అనిపించింది. ఆమె కొండ దిగి ఉమ్మడి వంటశాలకు పరుగులాంటి నడకతో వెళ్ళింది.

వంటశాలలో అప్పలనర్సమ్మ మండిపడుతూ ఉంది. ఇరవై ఏళ్ళుగా ఊరికి అన్నం పెడుతున్న మనిషి. మధ్యాహ్నం నుంచి పొయ్యిలు ఆపించి, గుండిగలన్నీ కడిగించి, కడిగినవాటినే మళ్ళీ కడిగిస్తున్నారు.

"నా సేతి కూడు తిని కడుపులు సెడిపోనాయంట! ఏ యంత్రం సెప్పిందో దాన్ని పిలవండి, నా ముందు సెప్పమనండి!"

"మీ కూడు కాదమ్మా. నీళ్ళు. తప్పు నాది," అంది గౌరీశ్వరి. ఆయాసం తీర్చుకుంటూ అంతా చెప్పింది.

అప్పలనర్సమ్మ చేతిలోని పీచు కింద పడేసింది. కోపం ఎటు పోవాలో తెలియక ఆమె ముఖంలోనే ఆగిపోయింది.

"మరిప్పుడేటి సెయ్యాల?"

"మీ నేలతొట్టిలో ఎన్ని నీళ్ళున్నాయి?"

"రెండ్రోజుల వంటకి సరిపోనున్నాయి."

"అవీ ఆ గొట్టం నీళ్ళే. కానీ మరిగిస్తే అందులో బతికేది ఏదీ ఉండదు. తెర్లి బుడగలు పైకి తన్నాక ఇంకో నిమిషం ఉంచితే చాలు. పదమూడు వేల మందికి ఈ రాత్రికి తాగడానికి మనిషికి రెండు లీటర్లు మరిగించగలరా?"

అప్పలనర్సమ్మ గుండిగల వైపు చూసింది. పెద్దవి ఇరవై రెండు. పెదవులు కదుపుతూ లెక్కేసుకుంది. పొయ్యిలు ఆపమని ధార ఆదేశం ఇంకా గోడ మీద ఎర్రగా వెలుగుతూ ఉంది. ఆమె దాని వంక ఒకసారి చూసి, వెనక్కి తిరిగి కేకేసింది.

"ఒలే, పొయ్యిలన్నీ ఎలిగించండి! అన్నం కాదు, ఒట్టి నీళ్ళు!"

మూడు గంటల యాభై నిమిషాలకు గౌరీశ్వరి వంటశాల గుమ్మంలో మెట్టు మీద కూర్చుని రుచికను ఒళ్ళో పెట్టుకుంది. వెనక మొదటి గుండిగ కింద మంట అంటుకున్న చప్పుడు వినిపించింది.

"ధారా. ఏడో సాక్షి. సాక్ష్యం వెనక్కి తీసుకుంటున్నాను."

"ఏ సాక్ష్యం?"

"ఈ రోజు నాలుగో వరుస ముప్పై ఒకటో ఇల్లు. పదకొండు నిమిషాలు ఉంచకుండా తెలుపు అని వేలు వేశాను. చూడకుండా చూశానన్నాను."

"తొమ్మిదో నిబంధన వర్తిస్తుంది. ఒక లక్షా తొంభై ఆరు వేల మూడు వందల పన్నెండు సాక్ష్యాలు చెల్లకుండా పోతాయి. నాలుగు వరుసల ముందంచనాలు రద్దవుతాయి. మీ సాక్షి హోదా రద్దవుతుంది. పది సెకన్లు వేలు ఉంచితే నిర్ధారణ."

ఆమె వేలు ఉంచింది. పది సెకన్లలో ఆమెకు గొప్ప ఆలోచనలేవీ రాలేదు. అయిదో వరుసలో కూతురు బడి నుంచి వచ్చి కుళాయి విప్పుతుందేమోనని మాత్రం అనిపించింది. పిడి గట్టిగా అదిరి, తరువాత చల్లబడిపోయింది. చెవిలో ధార గొంతు ఆగిపోయింది. పదకొండేళ్ళలో పనివేళ అంత నిశ్శబ్దం ఆమె వినలేదు.

నాలుగు వరుసల మీద ఇంటింటా కుళాయి పక్కనుండే చిన్న పలకలో తెలుపు పోయి "తెలియదు" అని వెలిగింది. పది నిమిషాల్లో జనం మెట్ల మీదికి వచ్చారు. కొందరు అరిచారు. ఒకాయన గౌరీశ్వరి ముఖం మీదికి వచ్చి, "ఇన్నాళ్ళూ మా ఇంట్లో ఏలెట్టినావు గదే, ఇప్పుడు తెలీదంటావేటి?" అని అడిగాడు. ఆమె తల దించుకుని, అవునంది. ఇంకేదైనా అంటే ఆయన కొట్టేవాడేమో. అవునన్నందుకు ఏం చెయ్యాలో తెలియక నిలబడ్డాడు.

రూబేను ఆరోగ్యగది మెట్టు మీద నిలబడి గొంతు చించుకుని చెప్పాడు. తొట్టిలో ఉన్నవి తాగొద్దు, వాటితో పళ్ళు కూడా తోమొద్దు. మరిగినవే తాగండి. ఇంట్లో పాత బిందె ఉంటే మరిగిన నీళ్ళతో తొలిచి పట్టండి. మూత ఉండాలి. చెయ్యి ముంచొద్దు, గరిటెతో వంచుకోండి. దొడ్డికి వెళ్ళొచ్చాక సబ్బుతో చేతులు. పిల్లలకు పెట్టే ముందు కూడా. ఆ మాటలు అతను ఆ సాయంత్రం నలభైసార్లు చెప్పి ఉంటాడు.

వంటశాల ముందు వరుస కట్టారు. బిందెలు, డబ్బాలు, సీసాలు, ఒకావిడ చేతిలో పూలకుండీ తొట్టి. అది వద్దని పక్కన పెట్టించి అప్పలనర్సమ్మ తన సొంత క్యాను ఇచ్చింది. సాక్షి హోదా పోయిన గౌరీశ్వరి పొడుగు గరిటె పట్టుకుని, మంట ఆర్పిన గుండిగ దగ్గర నిలబడి వంచుతూ ఉంది. ఆవిరికి ముంజేతులు కందిపోయాయి. మధ్యలో రూబేను మనిషిని పంపించాడు. ముప్పై ఒకటో ఇంటి పాప ఉచ్చ పోసిందని కబురు. మధ్యాహ్నం నుంచి వాళ్ళు ఎదురుచూస్తున్నది దానికే. పోలమ్మ కూడా లేచి కూర్చుందట. ముప్పై ఐదో ఇంటి ముసలాయనకు మాత్రం మూత్రపిండాలు ఆగిపోయాయని, పెద్ద ఆసుపత్రికి పంపించారని కూడా చెప్పాడు. గౌరీశ్వరి గరిటె ఆపకుండా విన్నది. తరువాతి బిందెలో కాసిన్ని నీళ్ళు పక్కకు ఒలికాయి.

నాలుగు నలభైకి భుజంగరావు వచ్చాడు. పంపుల కార్యాలయం నుంచి వంటశాల దాకా మూడు వందల మెట్లు. ఆ వయసులో అన్నీ దిగి వచ్చి, వరుసలో అందరినీ దాటుకుని గుండిగ దగ్గరికి చేరాడు. ఆమె తిట్లకు సిద్ధపడింది.

"ఎంత మందికి అందింది?" అన్నాడు.

"నాలుగు వందల మంది దాకా సార్. రాత్రి తొమ్మిదింటికి అందరికీ అందుతుందంటోంది అప్పలనర్సమ్మ."

ఆయన మరుగుతున్న గుండిగ వంక చూస్తూ నిలబడ్డాడు. చొక్కా జేబులోంచి పాత రుచిక ఒకటి తీశాడు. పర్యవేక్షకుడైనా ఆయన సాక్షి హోదా ఇంకా పోలేదు. రిటైరయ్యేదాకా ఉంటుంది.

"ఒకటీ రెండూ వరుసలు పదహారేళ్ళు తిరిగాను," అన్నాడు. "తరువాత ఆ ఇళ్ళకి వెళ్ళినవాళ్ళు నా సాక్ష్యాల మీదే వేలు వేస్తూ వచ్చారు. అక్కడ ఎవరికీ జబ్బు లేదు. ఇప్పటిదాకా లేదు."

"మీరు చెయ్యక్కర్లేదు సార్. జబ్బు ఇక్కడే ఉంది."

"జబ్బు ఎక్కడుందో మనకి ఎలా తెలుసమ్మా? మనం చూస్తే కదా?" ఆయన కళ్ళజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. ఆవిరికి మళ్ళీ మసకబారింది. "ఫోన్ పెట్టేశాక కూర్చుని గుర్తు చేసుకున్నాను. నలభై సెకన్లు చాలని నేను నేర్పింది నీకొక్కదానికే కాదు. పదకొండు మందికి."

ఆయన ధారను పిలిచి, రెండో సాక్షినని చెప్పి, ఏ ఇల్లు అని అది అడిగితే ఒక ఇంటి నంబరు చెప్పి, పది సెకన్లు వేలు ఉంచాడు. అయ్యాక చొక్కా చేతులు మడిచి, ఇంకో గరిటె ఎక్కడుందని అప్పలనర్సమ్మను అడిగాడు.

వార్త మెట్ల మీదుగా పైకి పోయింది. అయిదింటికి ఏడో వరుసలోని సాక్షి వెనక్కి తీసుకున్నాడు. అయిదున్నరకు తొమ్మిదో వరుసలోని ఇద్దరు. ఇంకొకామె వేలు వెయ్యకుండా ముందు కుళాయి దగ్గర కూర్చుని పదకొండు నిమిషాలు చూసిందట. ఎవరూ జబ్బు పడని పదో వరుసలో, ఆమె పొర మీద నాలుగు చుక్కలు తేలాయి.

మిగతా సాక్షులూ ఒకరొకరుగా వెనక్కి తీసుకోగా, సాయంత్రం ఆరు దాటేసరికి కొత్తరేవు పటం మీద ధార ఒక్క వరుసకూ రంగు వెయ్యలేకపోయింది. ఏం చెయ్యాలని అది పంపుల కార్యాలయాన్ని అడిగింది. అలా అడగడం దానికి అదే మొదటిసారి. కాసేపటికి గొట్టాల పనివాళ్ళు గునపాలు, పారలు భుజాన వేసుకుని నాలుగో వరుస మెట్ల దగ్గరికి వచ్చి, మురుగుకాలవ పక్కన తవ్వడం మొదలుపెట్టారు.